చూసి రాయమంటూనే రాయొద్దంటే ఎలా?

ఢిల్లీ శ్రీ అరబిందో మార్గ్‌లో ఉన్న ఎన్‌సీఈఆర్‌టీ 2019లో పదకొండో తరగతికి కంప్యూటర్ సైన్స్ పాఠ్యపుస్తకం తెచ్చింది. మంచి పుస్తకం. అయిదో అధ్యాయంలో పైథాన్ మొదలవుతుంది. అక్కణ్ణుంచి పేజీ తిప్పితే చాలు, ఏదో ఒక ప్రోగ్రాం కనబడుతుంది. టైపు చేయండి, నడిపి చూడండి, మార్చి మళ్లీ నడపండి అని పుస్తకం పిల్లల వెంటపడుతూనే ఉంటుంది. అదే పుస్తకం మొదట్లో, ముద్రణ వివరాలుండే పేజీలో ఓ హెచ్చరిక ఉంటుంది. ప్రచురణకర్త ముందస్తు అనుమతి లేకుండా ఇందులో ఏ భాగాన్నీ మళ్లీ అచ్చువేయకూడదు, ఎలక్ట్రానిక్ పద్ధతిలో గానీ మరే పద్ధతిలో గానీ నిల్వ చేయకూడదు, పంపకూడదు అని దాని సారాంశం. ప్రోగ్రాం టైపు చేసి సేవ్ కొట్టడం నిల్వ చేయడం కాకపోతే మరేమిటి? దాన్ని టీచరుకి మెయిల్ చేస్తే పంపినట్టు కాదా?

ఇంకా తమాషా ఏమిటంటే, అదే పుస్తకం ఆఖరి అధ్యాయంలో కాపీరైట్ అంటే ఏమిటి, పరుల రాతని తనదిగా చెప్పుకోవడం ఎందుకు తప్పు, జీపీఎల్, క్రియేటివ్ కామన్స్ లాంటి లైసెన్సులు దేనికి అని చక్కగా వివరించారు. ఆ పాఠం శ్రద్ధగా చదివిన పిల్ల ఒక్కసారి ముందు పేజీకి వెళ్లి చూస్తే, తన ప్రాక్టికల్ రికార్డంతా దొంగసొత్తేననుకోవాలి.

ఇది ఎన్‌సీఈఆర్‌టీ ఒక్కదాని సంగతైతే ఇంత రాయనక్కర్లేదు. ప్రోగ్రామింగ్ నేర్పే పుస్తకాలు, కంపెనీల మాన్యువళ్లు, ప్రభుత్వ పోర్టళ్లలో సాఫ్ట్‌వేర్ వాళ్ల కోసం పెట్టే సూచనలు చాలావరకు ఇదే తీరు. పాఠానికి వేసిన తాళమే పాఠంలోని నమూనా కోడ్‌కీ వేసేస్తారు. నా వాదన చిన్నది. ఆ రెంటినీ విడదీయాలి. పాఠం మీద హక్కు ఎవరిది వాళ్లు ఉంచుకోవచ్చు. నమూనా కోడ్‌ని మాత్రం ఎవరైనా, దేనికైనా, అడగకుండానే వాడుకోవచ్చని అదే పేజీలో ఒక్క వాక్యం రాయాలి. ప్రజల సొమ్ముతో నడిచే సంస్థలైతే తప్పనిసరిగా రాయాలి.

నేను నోయిడాలో టెక్నికల్ రైటర్‌ని. సాఫ్ట్‌వేర్ కంపెనీలు తయారుచేసిన సరుకుని ఎలా వాడాలో రాసిపెట్టడం నా పని. మా రాతలు ఎవరూ చదవరన్న సంగతి ఈ ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే తెలిసిపోతుంది. మేం పేరాలకి పేరాలు రాస్తాం. చదవడానికి వచ్చినవాడు వాటన్నిటినీ దాటేసి, బూడిదరంగు పెట్టెలో ఉన్న కోడ్ దగ్గర ఆగుతాడు. పెట్టె మూలనున్న కాపీ గుర్తు నొక్కుతాడు. పోతాడు. ఆ గుర్తు పెట్టింది మేమే. కాపీ చేసుకోవడం తేలిక కావాలని డిజైనర్లతో మీటింగులు పెట్టుకుని మరీ పెడతాం. పేజీ అడుగున ‘సర్వహక్కులూ మావే’ అన్న పంక్తి మాత్రం లీగల్ వాళ్లు పెడతారు. రెండూ ఒకే తెరమీద ఉంటాయి. రెంటినీ కలిపి చదవడం ఎవరి ఉద్యోగమూ కాదు.

సంక్రాంతి ముందు బజార్లో ముగ్గుల పుస్తకాలు వస్తాయి. ఇన్ని చుక్కలు, ఇన్ని వరసలు అని లెక్కతో సహా ఇస్తారు. కొనేది వాకిట్లో వేసుకోవడానికే. ఆ పుస్తకాన్ని ఇంకొకడు మక్కీకి మక్కీ అచ్చేసి అమ్మితే ప్రచురణకర్త కోర్టుకెక్కొచ్చు, అది న్యాయం. వాకిట్లో వేసిన ముగ్గు మీద హక్కు అడిగితే మాత్రం నవ్విపోతారు. నమూనా కోడ్ కూడా వేసుకోవడానికి ఇచ్చిందే.

లోకమర్యాద అలా ఉంటే, చట్టం ఇంకోలా ఉంది. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. ఆ తర్వాతి సవరణలతో కంప్యూటర్ ప్రోగ్రాం కూడా అందులో సాహిత్య రచనల కింద చేరింది. కవితకి ఉన్న రక్షణే కోడ్‌కీ ఉంది. ఆ హక్కు కోసం ఎక్కడా నమోదు చేయించుకోనక్కర్లేదు, రాయగానే వచ్చేస్తుంది. ‘హక్కులు మావి’ అని ఎక్కడా రాయకపోయినా ఉంటుంది. కాబట్టి ఏమీ చెప్పకుండా వదిలేసిన నమూనా కోడ్ కూడా తాళం వేసిన కోడే. ప్రభుత్వ ప్రచురణలకైతే ఆ హక్కు 60 ఏళ్లు నడుస్తుంది. 2019లో ప్రభుత్వం వేసిన పుస్తకంలోని పది పంక్తుల ప్రోగ్రాం 2080లో గానీ జనం సొత్తు కాదు. అప్పటికి పైథాన్ అనేది ఒకటుండేదని మనవళ్లకి చెప్పుకోవాల్సి వస్తుందేమో.

శిక్షలూ తక్కువేం కావు. చట్టాన్ని ఉల్లంఘించి చేసిన ప్రోగ్రాం ప్రతిని తెలిసి తెలిసి కంప్యూటర్‌లో వాడితే 63బి సెక్షన్ కింద కనీసం ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. వ్యాపారానికి వాడకపోతే జైలు తప్పించి జరిమానాతో సరిపెట్టే వీలుంది. నమూనా కోడ్ ఎత్తినవాణ్ణి ఎవరూ జైల్లో వేయరనే అందరి నమ్మకం. ఆ నమ్మకం మీదే దేశంలో సగం సాఫ్ట్‌వేర్ నడుస్తోంది.

అయిదు పంక్తుల కోడ్‌కి కూడా ఇంత రక్షణ ఉంటుందా అని అడగొచ్చు. అసలు చిక్కు అక్కడే ఉంది. చట్టం పంక్తులు లెక్కపెట్టదు. 2007 డిసెంబరులో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు, కాపీరైట్ దక్కాలంటే కేవలం శ్రమ చాలదు, కొంతైనా నేర్పు, విచక్షణ, సృజన కనబడాలంది. 2008లో ఢిల్లీ హైకోర్టు స్క్రాబ్యులస్ కేసులో ఇంకో మెట్టు ఎక్కింది. స్క్రాబుల్ ఆటని ఇంటర్నెట్‌కి తెచ్చిన కోల్‌కతా అన్నదమ్ముల మీద మాటెల్ కంపెనీ వేసిన కేసు అది. ఒక ఊహని చెప్పడానికి ఒకటో రెండో దారులే ఉన్నప్పుడు ఆ చెప్పిన తీరుకి కాపీరైట్ ఇస్తే ఊహకే ఇచ్చినట్టవుతుందని కోర్టు అభిప్రాయపడింది. పేరు విషయంలో మాటెల్ గెలిచింది గానీ, ఆట పలక మీదా నియమాల మీదా కాపీరైట్ వాదన నెగ్గలేదు. ఈ లెక్కన చిన్న నమూనాలు చాలావరకు బయటపడిపోవాలి. కానీ అమెరికాలో ఒరాకిల్, గూగుల్ మీద వేసిన కేసు చూడండి. రేంజ్‌చెక్ అనే 9 పంక్తుల ఫంక్షన్, ఒక సంఖ్య హద్దుల్లో ఉందో లేదో చూసేది, స్కూలు పిల్లలు రాయగలిగింది, 2012లో జ్యూరీ ముందుకు వెళ్లింది. అది ఉల్లంఘనేనని జ్యూరీ తేల్చింది. మొత్తం వ్యవహారంలో గూగుల్ తీసుకున్న దాదాపు 11,500 పంక్తుల వాడకం న్యాయమైనదేనని అక్కడి సుప్రీంకోర్టు చెప్పేసరికి 2021 వచ్చింది. అన్నేళ్లు లాయర్లని పోషించే స్తోమతు గూగుల్‌కి ఉంది. నెహ్రూ ప్లేస్‌లో రెండు గదుల్లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసుకునేవాడికి ఉందా?

లేదు కాబట్టే జాగ్రత్తపరులు ఇబ్బంది పడతారు. నేను గతంలో పనిచేసిన ఒక కంపెనీని కొనడానికి విదేశీ సంస్థ ఒకటి వచ్చింది. బేరానికి ముందు మా కోడంతా లైసెన్సులు వెతికే స్కానర్‌కి ఎక్కించారు. బార్‌కోడ్ ప్రింటర్‌కి లేబుల్ పంపే ఫంక్షన్ దగ్గర ఎర్రజెండా పడింది. ప్రింటర్ తయారీదారు ఇచ్చిన మాన్యువల్‌లోంచి ఎవరో ఎప్పుడో దించింది అది. ఆ మాన్యువల్ వెనకపేజీలో నమూనాలు పరీక్షించి చూసుకోవడానికి మాత్రమేనని ఉంది. సరుకులో పెట్టి అమ్మొద్దని కొనేవాళ్ల లాయర్లు పట్టుబట్టారు. మాన్యువల్ ఎన్నడూ చూడని మనిషి చేత మళ్లీ రాయించాలన్నారు. కొత్తగా చేరిన కుర్రాణ్ణి పట్టుకొచ్చి, ప్రింటర్‌కి ఏ ఆదేశం ఏ వరసలో వెళ్లాలో నోటితో చెప్పి రాయించారు. అతను రాసింది తెచ్చి పాతదాని పక్కన పెడితే రెండూ దాదాపు ఒక్కలాగే ఉన్నాయి. ఉండక చస్తాయా? ఆ ప్రింటర్‌కి ఆ వరస తప్ప ఇంకోటి అర్థం కాదు. ప్రింటర్ అమ్ముకోవడానికే ఆ నమూనా ఇచ్చిన కంపెనీ, ఆ నమూనా వాడితే తప్పన్నట్టు ఎందుకు రాసిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. బేరం ఆలస్యమైంది, లాయర్ల ఫీజులు పెరిగాయి, ఎవరికీ దమ్మిడీ లాభం కలగలేదు.

చదువుకునే పిల్లల సంగతి వేరనుకుంటాం. మా అపార్టుమెంటులో ఖమ్మం వాళ్ల కుటుంబం ఉంది. వాళ్లమ్మాయి పన్నెండో తరగతిలో కంప్యూటర్ సైన్స్ తీసుకుంది. సీబీఎస్‌ఈ వాళ్లకి అందులో ప్రాక్టికల్స్‌కి 30 మార్కులు. ప్రోగ్రాముల రికార్డు, ప్రాజెక్టు అన్నీ అందులోకే వస్తాయి. ఓ ఆదివారం ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చింది.

“అంకుల్, పుస్తకంలో ఉన్న ఈ కోడ్ ప్రాజెక్టులో పెట్టుకోవచ్చా?”

“పెట్టుకోమ్మా, దానికేం.”

“మరి అమ్మ పచ్చళ్ల ఆర్డర్ల కోసం యాప్ చేస్తున్నా కదా, దాంట్లో? అమ్మ పచ్చళ్లు అమ్మేది డబ్బులకే కదా.”

మొదటిదానికి తడుముకోకుండా జవాబిచ్చాను. రెండోదానికి చట్టం చూపించి అవునని చెప్పే వీల్లేకపోయింది.

మొదటి జవాబు వెనక ఢిల్లీ యూనివర్సిటీ నార్త్ క్యాంపస్‌లోని ఒక జిరాక్సు దుకాణం ఉంది. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో రామేశ్వరి ఫొటోకాపీ సర్వీసెస్ అనే కొట్టు, సిలబస్‌లో ఉన్న పుస్తకాల్లోంచి కావలసిన పేజీలు తీసి, కట్టలు కట్టి విద్యార్థులకి అమ్మేది. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు ఆ కొట్టు మీదా యూనివర్సిటీ మీదా దావా వేశాయి. 2016 సెప్టెంబరు 16న జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా ఆ దావా కొట్టేశారు. కాపీరైట్ దేవుడిచ్చిన హక్కు కాదని, జనం విజ్ఞానం పెరగడానికి చట్టం కల్పించిన ఏర్పాటని ఆయన తీర్పు సారం. అదే ఏడాది డిసెంబరులో డివిజన్ బెంచి, ఆ పేజీలు పాఠానికి నిజంగా అవసరమా అన్నది విచారణలో తేలాలంటూనే, బోధనకి చట్టం ఇచ్చిన మినహాయింపు విశాలమైనదేనని బలపరిచింది. 2017 మార్చిలో ప్రచురణకర్తలు కేసు ఉపసంహరించుకున్నారు. టీచర్లూ విద్యార్థులూ బోధనలో భాగంగా ఏ రచననైనా ప్రతి తీసుకోవచ్చన్న 52వ సెక్షన్‌కి ప్రాణం పోసిన తీర్పు అది. అమ్మాయి ప్రాజెక్టు ఆ గొడుగు కింద భేషుగ్గా ఉంటుంది.

పచ్చళ్ల యాప్ ఉండదు. అదే 52వ సెక్షన్‌లో, చట్టబద్ధంగా కొనుక్కున్న ప్రోగ్రాం ప్రతిని సొంతానికి, వ్యాపారేతరంగా నకలు చేసుకోవచ్చని ఉంది. ఆవకాయ సీసా అమ్మిన మరుక్షణం అది వ్యాపారం. తరగతి గదిలో నేర్చుకున్నది తరగతి గది గడప దాటితే రక్షణ ఆగిపోతుంది. చదువు చెప్పించేదే గడప దాటాక బతకడానికి కదా!

ఈ విషయంలో కంపెనీలని తిట్టి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పోరాడినవాళ్లు కూడా ఈ గోతిలో పడ్డారు. గ్నూ సంస్థ మాన్యువళ్ల కోసం 2000లో స్వేచ్ఛా పత్రాల లైసెన్సు ఒకటి తెచ్చింది. అది ఆ సంస్థ సొంత జీపీఎల్‌తోనే పొసగదు. ఆ లైసెన్సు మాత్రమే ఉన్న మాన్యువల్‌లోంచి పెద్ద నమూనా ఎత్తి జీపీఎల్ ప్రోగ్రాంలో పెట్టకూడదు. అందుకే చెప్పుకోదగ్గ కోడ్ ఉంటే దానికి విడిగా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కూడా ఇమ్మని ఆ పత్రం చివరే సలహా రాశారు. ఎంతమంది చివరిదాకా చదివారో వేరే చెప్పాలా? ప్రోగ్రామర్లు రోజూ తలుపు తట్టే స్టాక్ ఓవర్‌ఫ్లోలో జవాబులన్నీ క్రియేటివ్ కామన్స్ కింద ఉంటాయి. రాసినవాడి పేరు చెప్పాలి, దానిమీద కట్టిందాన్నీ అదే షరతు మీద పంచాలి. తమ లైసెన్సులు సాఫ్ట్‌వేర్‌కి వాడొద్దని క్రియేటివ్ కామన్స్ వాళ్లే చెబుతారు. 2015 చివర్లో, కోడ్‌ని వదులుగా ఉండే ఎంఐటీ లైసెన్సుకి మారుద్దామని స్టాక్ ఓవర్‌ఫ్లో ప్రతిపాదించింది. సభ్యులు ఒప్పుకోకపోవడంతో అది అటకెక్కింది.

సరిచేసుకున్నవాళ్లూ ఉన్నారు. వెబ్ పేజీలు రాసేవాళ్లందరికీ పెద్దబాలశిక్ష లాంటి మొజిల్లా పత్రాల్లో, 2010 ఆగస్టు 20 తర్వాత చేర్చిన కోడ్ నమూనాలన్నీ ఎవరి సొత్తూ కావని ప్రకటించారు. పాఠానికి మాత్రం వేరే లైసెన్సు. గూగుల్ తన డెవలపర్ పేజీల్లో పాఠానికి క్రియేటివ్ కామన్స్, కోడ్‌కి అపాచీ లైసెన్సు అని అడుగున రాస్తుంది. మైక్రోసాఫ్ట్ బయట పెట్టిన పత్రాల్లో కోడ్‌కి ఎంఐటీ లైసెన్సు. పైథాన్ వాళ్లు 2020లో, 3.8.6 రూపం నుంచి, తమ పత్రాల్లోని ఉదాహరణలన్నిటినీ జీరో క్లాజ్ బీఎస్‌డీ కింద కూడా ఇచ్చారు. పేరు చెప్పమన్న చిన్న షరతు కూడా అందులో లేదు. అంటే మన పిల్లలు నేర్చుకునే పైథాన్ భాషని తయారుచేసినవాళ్లు తమ నమూనాలు ధారపోశారు. దాన్ని నేర్పే మన పాఠ్యపుస్తకం ముడిపెట్టుకుని కూర్చుంది.

ప్రభుత్వ పోర్టళ్ల సంగతికొద్దాం. 2020 అక్టోబరు 1న 500 కోట్లు దాటిన టర్నోవర్ వాళ్లతో మొదలైన జీఎస్టీ ఈ-ఇన్వాయిస్, మెట్లు మెట్లుగా దిగి 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటినవాళ్లందరికీ తప్పనిసరైంది. ఓఖ్లాలో స్పేర్‌పార్టులు అమ్మే కొట్టు దాకా వచ్చేసిందన్నమాట. ఆ కొట్టు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ నడిపే పోర్టల్‌తో నేరుగా మాట్లాడాలంటే ముందు ఒక తాళంచెవి పుట్టించాలి, దాన్ని పోర్టల్ ఇచ్చిన బహిరంగ తాళంచెవితో గూఢలిపిలోకి మార్చి పంపాలి, తిరిగొచ్చిన రెండో చెవిని విప్పి, దానితో ఇన్వాయిస్‌ని మూయాలి. ఒక్క అక్షరం తేడా వస్తే పోర్టల్ తిప్పికొడుతుంది. ఇలాంటి చోట నమూనా కోడ్ వరప్రసాదం. అది చూసి దించుకోవడమే క్షేమం. సొంత తెలివి చూపిస్తే ప్రమాదం కూడా.

ఇప్పుడు ప్రభుత్వ వెబ్‌సైట్లలో చాలాచోట్ల ఒకే అచ్చులో కనబడే కాపీరైట్ విధానం చదవండి. ఇందులో ఉన్నది ఉచితంగా పునర్ముద్రించుకోవచ్చు, అయితే మెయిల్ పంపి అనుమతి తీసుకోవాలి, ఉన్నదున్నట్టు ఇవ్వాలి, కించపరిచేలా వాడకూడదు, మూలం ప్రముఖంగా పేర్కొనాలి. పత్రికా ప్రకటనలకి ఇది సరిపోతుంది. నమూనా కోడ్‌ని ఉన్నదున్నట్టు ఎవడైనా వాడగలడా? అందులో యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఉండాల్సిన చోట ఉత్తుత్తి అక్షరాలుంటాయి. మార్చకపోతే పనే చేయదు. ఇన్వాయిస్ మూసే కోడ్‌ని కించపరచడం ఎలాగో నాకైతే తోచడం లేదు. వెబ్‌సైటు విధానం రాసినవాళ్లు కోడ్‌ని ఊహించలేదు, కోడ్ పెట్టేవాళ్లు ఆ విధానాన్ని చదవడం లేదు.

ప్రభుత్వానికి ఈ విషయాలు తెలియవనుకోవడానికీ లేదు. ప్రభుత్వ కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కి పెద్దపీట వేయాలన్న విధానం 2015లో వచ్చింది. ప్రభుత్వ అప్లికేషన్ల సోర్స్ కోడ్ తెరిచి పంచుకునే విధానమూ ఆ ఏడాదిదే. బహిరంగ డేటాకి ప్రత్యేకంగా ఒక లైసెన్సు రాసి 2017లో నోటిఫై చేశారు. ఎన్‌సీఈఆర్‌టీ ఆధ్వర్యంలో 2013లో మొదలైన జాతీయ విద్యావనరుల భాండాగారం క్రియేటివ్ కామన్స్ కిందే వచ్చింది. పెద్ద పెద్ద విధానాలు రాసిన చేతులకి పాఠంలోని పది పంక్తులు మాత్రం ఆనలేదు.

మైదాన్ గఢీలో ఉన్న ఇగ్నోది మరీ విచిత్రం. పేరులోనే సార్వత్రికం ఉంది. బీసీఏ, ఎంసీఏ పాఠాల పుస్తకాల్లో సీ, జావా ప్రోగ్రాములు కోకొల్లలు. ఆ పుస్తకాల కాపీరైట్ పేజీలో, రాతపూర్వక అనుమతి లేకుండా సైక్లోస్టైల్ చేయడం ద్వారా గానీ మరే విధంగా గానీ ఏ భాగాన్నీ తిరిగి తీయకూడదని ఉంటుంది. సైక్లోస్టైల్ యంత్రం చూసిన విద్యార్థి ఇప్పుడు ఎవరూ ఉండరు. 1985లో పుట్టిన యూనివర్సిటీ నాటి వాక్యం అలాగే అచ్చవుతూ వస్తోంది. ఎవరూ దురుద్దేశంతో పెట్టింది కాదు, ఎవరూ తీసేయలేదంతే.

దీనికి ఎదురు వాదనలు లేకపోలేదు. పేరు చెప్పమంటే తప్పేముందని మా ఆఫీసులోనే అంటారు. పుస్తకానికి పేరు చెప్పాలి, పాఠానికి చెప్పాలి. ఒక బిల్లింగ్ ప్రోగ్రాంలో పాతిక మాన్యువళ్ల నుంచి తలా నాలుగు పంక్తులు చేరతాయి. పాతిక లైసెన్సుల జాబితా వెంటబెట్టుకుని తిరగమంటే నిజాయతీపరుడు చేయలేక మానేస్తాడు, మిగిలినవాడు అసలు పట్టించుకోడు. కోడ్‌లో తప్పుంటే మనమీదికొస్తుందన్నది ఇంకో భయం. పనితీరుకి పూచీ లేదని చెప్పడం వేరు, వాడుకోవడానికి అనుమతివ్వడం వేరు. రెండోది ఇస్తూనే మొదటిది చెప్పొచ్చు. ఉచిత లైసెన్సులన్నీ చేసేది అదే. గైడ్లు అచ్చేసేవాళ్లు ప్రోగ్రాములన్నీ ఎత్తుకుపోతారన్న అనుమానం కూడా ఉంది. పాఠం, బొమ్మలు, అభ్యాసాలు, అధ్యాయాల అమరిక అన్నీ కాపీరైట్ కిందే ఉంటాయి కదా. రెండు సంఖ్యలు కూడే ప్రోగ్రాం పోతే పోయేదేమిటి?

ఎవరు కేసు వేస్తారులే అన్నది అందరికంటే గట్టిగా వినబడే మాట. నిజమే, వేయరు. వేయని కేసు కోసం ఉంచుకున్న హక్కు ఎవరికి లాభం? ఈలోగా కోడ్ రాసే ఏఐ యంత్రాలు ఇంటర్నెట్‌లో దొరికిన నమూనాలన్నీ మింగేసి, ఎవరి పేరూ చెప్పకుండా అడిగినవాడికల్లా వడ్డిస్తున్నాయి. అది న్యాయమా కాదా అన్న గొడవ అమెరికా కోర్టుల్లో నడుస్తోంది. వార్తల విషయంలో అలాంటి కేసే, ఏఎన్ఐ సంస్థ ఓపెన్ఏఐ మీద వేసింది, 2024 నవంబరులో మన ఢిల్లీ హైకోర్టుకీ వచ్చింది. పెద్ద యంత్రం అడక్కుండా తీసుకుంటోంది. చట్టం చదివి ఆగిపోయేది పచ్చళ్ల యాప్ చేసుకునే అమ్మాయే. ఈ ఏర్పాటుని సమర్థించేవాళ్లు ఆ అమ్మాయి మొహం చూసి సమర్థించాలి.

తెలుగునాట సంగతి వేరేం కాదు. 1968 నుంచి తెలుగు అకాడమి ఇంటర్‌కీ డిగ్రీకీ తెలుగులో పుస్తకాలు వేస్తూ వచ్చింది. రెండు రాష్ట్రాల పాఠ్యపుస్తకాలూ కంప్యూటర్ని ముట్టుకోక తప్పని రోజులివి. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల చుట్టూ జిరాక్సు కొట్లలో దొరికే స్పైరల్ బైండింగ్ నోట్సుతో ఉద్యోగాలు తెచ్చుకున్న వేలమందిలో కొందరు ఇక్కడ నోయిడా, గురుగ్రామ్‌లలో నా పక్క కుర్చీల్లో ఉన్నారు. ఆ నోట్సు చట్టానికి నిలుస్తుందా అంటే నిలవదు. దాన్ని తప్పుపట్టే ముందు, అదే కోడ్‌ని ప్రభుత్వ పుస్తకం దర్జాగా ఇచ్చి ఉంటే ఆ కుర్రాళ్లకి చాటుమాటు అవసరం ఉండేదా అని అడగాలి.

ఇదంతా సరిచేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఉన్న చట్టంలోనే 21వ సెక్షన్ ప్రకారం రచయిత తన హక్కుల్ని పూర్తిగా గానీ కొంతమేరకు గానీ వదులుకోవచ్చు. ద్వారకా సెక్టర్ 14లో ఉన్న కాపీరైట్ కార్యాలయానికి నోటీసు ఇవ్వొచ్చు. 2012 సవరణ తర్వాత బహిరంగ ప్రకటన చేసినా చాలు. అంత దూరం వెళ్లడం ఇష్టం లేకపోతే హక్కు ఉంచుకునే అనుమతి ఇవ్వొచ్చు. కావాల్సింది ఇంత: “ఈ పుస్తకంలోని ప్రోగ్రాములను ఎవరైనా, ఏ అవసరానికైనా, అనుమతి అడగకుండా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకునే సరుకులో పెట్టుకోవచ్చు. వాటి పనితీరుకు ప్రచురణకర్త పూచీ లేదు.” పేజీలో ధర పక్కన పట్టేంత చోటు చాలు.

ఎన్‌సీఈఆర్‌టీ, ఇగ్నో, ఎన్ఐసీ ఈ వాక్యం రాసుకోవడానికి కమిటీలు వేయనక్కర్లేదు, బడ్జెట్ అడగనక్కర్లేదు. వచ్చే ముద్రణలో, పోర్టల్ వచ్చే మార్పులో చేర్చేయొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల పాఠ్యపుస్తక సంస్థలు వాళ్లకంటే ముందే చేస్తే ఇంకా సంతోషం. ఈ వ్యాసం చదివేవాళ్లలో కంప్యూటర్ పాఠాలు చెప్పే మాస్టార్లు, పుస్తకాలు రాసేవాళ్లు, నాలాగా మాన్యువళ్లు రాసేవాళ్లు ఉంటే మీకూ ఒక విన్నపం. మీ కోడ్ పక్కన ఆ వాక్యం ఈరోజే రాయండి. కంపెనీ కోడ్ అయితే లీగల్ వాళ్ల బల్ల దగ్గరికి వెళ్లి అడగండి. చూసి రాసుకొమ్మని ఇచ్చినదాన్ని రాసుకోనివ్వడం ఉపకారమేమీ కాదు, ఇచ్చినవాడి బాధ్యత.